పైలమక్క

మా దుకాణాన్ని సాయంత్రం ఎవరూ మూయరు. పెంచుతారు. మా సేట్ వాళ్లింటి భాష మరాఠీ. దుకాణం మూసెయ్యడం అనే మాట వాళ్లు నోటితో అనరు, అపశకునమట. ‘వాఢవా’ అంటారు, అంటే పెంచమని. సేట్ దాన్ని అలాగే తెలుగులోకి దింపి "చలో, దుకాణం పెంచుదం" అంటాడు. భైంసాలో ఈ చష్మాల దుకాణంలో కళ్లు చూసి నంబర్లు రాసే పనికి నేను కుదిరిన మొదటి సాయంత్రం ఆ మాట విని, దుకాణం పెరిగితే జీతం కూడా పెరుగుతుంది కదా అని లోలోపల సంబరపడ్డాను. షట్టర్ కిందికి దిగాక సంగతి అర్థమైంది.

మొన్న మా పాత కంప్యూటర్ మూలగడం మొదలుపెడితే, కొత్తది బిగించడానికి కరీంనగర్ నుంచి ఒకతను వచ్చాడు. మంచివాడు, మాటకారి. పాతదాన్ని తెరిచి చూసి నవ్వాపుకోలేకపోయాడు. తెర మీద మూడు బటన్లు. ఒకదాని మీద ‘పైలం’, ఒకదాని మీద ‘దుకాణం పెంచు’, కింద మూలన చిన్నగా ‘కొత్త అంగి’.

"గిదేందన్నా, గిసొంటి సాఫ్ట్‌వేర్ నేనేడ సూడలే. ఎవలు రాసిన్రు?"

"మీ ఊరామెనే," అన్నాను. పేరు చెబుదామంటే చప్పున నోటికి రాలేదు. అంత దగ్గరి మనిషి పేరు మరిచిపోతానా అని మీరు అడగొచ్చు. మరిచిపోలేదు, ఎన్నడూ వాడలేదు, అంతే. ఆమె మా అందరికీ పైలమక్క. మా దిక్కు పైలం అంటే జాగ్రత్త, భద్రం. ఊరికి పోయేవాళ్లను పైలంగా పొమ్మంటాం, పిల్లల చేతికి గాజుగ్లాసు ఇస్తూ పైలం అంటాం. నకలు తీసే బటన్‌కు ఆ పేరు పెట్టిన మనిషిని ఇంకేమని పిలుస్తాం?

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె నాకు అస్సలు నచ్చలేదు. కంప్యూటరే నచ్చలేదు, ఇక దాన్ని వెంటేసుకొచ్చిన మనిషి ఏం నచ్చుతుంది? సేట్ ఎవరి మాటో విని ఆ డబ్బా కొన్నాడు. చక్కటి చేతిరాతతో నేను నంబర్లు రాసుకుంటూ ఉంటే, నా రాతకేం రోగమొచ్చిందని? ఆమె ఆర్డినరీ బస్సు దిగి, నూలు చీర కుచ్చిళ్లు దులుపుకుంటూ లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే అడిగింది.

"మీ దుకాణంల ఏది వోతే మీకు ఏడుపొస్తది?"

ఇదేం ప్రశ్న, శుభమా అని పొద్దున్నే? సేట్ గోడమీది గణపతి పటం వైపు చూశాడు. నేను మాత్రం ఉండబట్టలేక చెప్పాను. చష్మాలు పగిలితే కొత్తవి తెప్పించుకోవచ్చు. కళ్ల నంబర్లు పోతే మాత్రం చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా మళ్లీ పని మానుకొని బస్సెక్కి రావాలి. ఇప్పుడైతే, అద్దం పగిలిందని ఒక ఫోన్ చేస్తే చాలు, నంబరు చూసి కొత్తది కోసి వాళ్ల ఊరి బస్సు కండక్టర్ చేతికి ఇచ్చేస్తాం.

"గంతే తమ్మీ. గవే పైలం జేద్దం," అంది. నా కడుపులో మాట పట్టుకుంది గదా అని ఆ రోజు నుంచి కొంచెం మెత్తబడ్డాను. కొంచెమే.

ఊళ్ల కళ్లన్నీ ఇప్పుడు ఒకే ఒక్క ఫైలులోకి చేరాయి. దానికోసం ఆమె రెండు పనిముట్లు చేసింది. ఒకటి ఆ ఫైలుకు నకలు తీసి దాచేది. రెండోది ఫైలులో ఉన్న పేర్లు చెదరకుండా కొత్త గడులు చేర్చేది. ఈ రెండో దానికి ఆమె మొదట పెట్టిన పేరు ‘పెంచు’. ఎందుకంటే, "పోరి పెరుగుతుంటే అంగి పొట్టిగైతది గదా. ఫైలు గూడ గంతే, పెంచాలె," అనేది. ఆ మాట దగ్గరే మా కొంప మునగబోయింది. ఆ సంగతి తర్వాత.

ఆమె కంప్యూటర్‌తో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. కంప్యూటర్ కూడా మాతో అట్లాగే మాట్లాడేలా రాసింది. నకలు తీస్తున్నంతసేపు ‘జర ఆగు, పేర్లు సర్దుతున్న’ అని తెర మీద పడేది. అయిపోయాక ‘అయిపాయె. పైలంగ ఇంటికి వో’ అనేది. ఏదైనా పాడైతే ఎర్రటి అక్షరాలు కాదు, బెదిరింపు కాదు, ‘ఏదో తప్పైంది. నీ తప్పు గాదు. నాకు ఫోన్ చెయ్యి’ అని వచ్చేది. బ్యాంకుకు పోయినా, కరెంటు ఆఫీసుకు పోయినా ఎప్పుడూ నా తప్పే చూపించే తెరలు చూసిన నాకు, ఆ ఒక్క వాక్యం చదివినప్పుడల్లా ఛాయ్ తాగినంత హాయిగా ఉండేది.

పెన్ డ్రైవ్‌లు పెట్టుకోవడానికి మా దగ్గర ఖాళీ చష్మా డబ్బీలు అడిగి పట్టుకుపోయేది. ఒక్కో డబ్బీ మీద ఒక్కో ఊరి పేరు. శ్రీరాంపూర్‌లో ఒక మందుల దుకాణం, కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం, ఇట్లా ఆమె చూసుకునే ఫైళ్లు చాలానే ఉండేవి. అన్నీ ఒక సంచిలో. తన చష్మా డబ్బీ కూడా అందులోనే. చదవడానికి చష్మా కోసం డబ్బీ తెరిస్తే శ్రీరాంపూర్ బయటికి వచ్చేది. శ్రీరాంపూర్ కోసం తెరిస్తే చష్మా. చాలాసార్లు ఆ చష్మా డబ్బీలోనూ ఉండేది కాదు, ఆమె నెత్తిమీదే ఉండేది. "కండ్ల దుకాణంల కూసొని చష్మా లెంకుతున్నవేందక్కా" అని నేను ఆట పట్టిస్తే, "నువ్వు జేసిన చష్మానే గదా, గంత తేలికగ జేస్తే నెత్తిమీద ఉన్నట్టే తెలుస్తలేదు," అని నా మీదికే తోసేది.

ఆదివారం మాత్రం ప్రళయం వచ్చినా రాదు. కరీంనగర్‌లో వాళ్ల చర్చిలో పాటలు పాడే గుంపులో ఆమె ఉండేది. ఇక్కడ నకలు తీస్తున్నంతసేపూ ఆ పాటే కూనిరాగం తీసేది. ముఖ్యమైన బటన్ ఒత్తేముందు ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. అది చూసి సేట్ కూడా పక్కనుంచి గణపతికి చేతులు జోడించేవాడు. ఇద్దరు దేవుళ్లు కలిసి కాపాడాక నా చేతిరాతకు ఇక్కడ ఏం పని అనుకునేవాణ్ని.

మధ్యాహ్నం, బియ్యప్పిండితో కాల్చి తెచ్చిన సర్వప్ప డబ్బా విప్పి మాకు చెరో ముక్క పెట్టేది. అట్లా ఒకరోజు తింటుండగానే నేను చేతిలో పొట్లాలతో బస్టాండుకు రెండుసార్లు ఉరికాను. "ఏ ఊరికి ఏ బస్సు అన్నది నీ తలకాయలనే ఉన్నదా?" అని అడిగింది. ఉంది అన్నాను, కొంచెం గర్వంగానే. "నీ తలకాయకు నకలు తీసుడు నాతోని గాదు," అని, తర్వాత వచ్చినప్పుడు ఫైలులో ‘బస్సు’ అనే గడి చేర్చే పని పెన్ డ్రైవ్‌లో తెచ్చింది. ముందుగా పాత ఫైలుకు నకలు తీసి ఆ పెన్ డ్రైవ్‌లోనే పక్కన పెట్టింది. తర్వాత ‘పెంచు’ ఒత్తింది. బస్సు గడి ఉన్న కొత్త ఫైలు ఒకటి పుట్టి, పక్కన పెట్టిన నకలులోని పేర్లన్నీ అందులోకి వచ్చి పడ్డాయి. ఒక్కసారి మాత్రమే ఒత్తాల్సిన బటన్ అది. పని కాగానే పెన్ డ్రైవ్ తీసేస్తే ఇక ఒత్తినా ఏమీ కాదు. ఆమె మాత్రం బస్సుకు వేళయిందన్న తొందరలో ఖాళీ డబ్బీ సంచిలో వేసుకొని పోయింది. పెన్ డ్రైవ్ కంప్యూటర్‌కే ఉండిపోయింది.

సరిగ్గా ఆ మరుసటి రోజే బోథ్‌లో మా కళ్ల శిబిరం మొదలైంది. నేను అక్కడే మకాం. పత్తి ఏరే రోజులు, జనం కూలి వదులుకొని మరీ వచ్చారు. ఒక్కొక్కరి కళ్లు చూసి, చీటీ వాళ్ల చేతికిచ్చి, నంబరు ఫోన్‌లో చదివితే ఇక్కడ సేట్ రెండు వేళ్లతో ఎక్కించేవాడు. రోజూ సాయంత్రం నేను చేసే పని, అంటే ‘పైలం’ ఒత్తి కంప్యూటర్ ఆపడం, ఆయనకు అప్పగించాను. "అంతా మంచిగ పెంచిన్రా సేట్?" అని అడిగేవాణ్ని. "పెంచిన, పెంచిన" అనేవాడు.

శిబిరం అయిపోయి నేను వచ్చి ఫైలు తెరిస్తే బోథ్ వాళ్ల పేరు ఒక్కటి లేదు. ఒక్కటంటే ఒక్కటి. అద్దాలు ఇంకా కోయనేలేదు. ఏ కంటికి ఏ అద్దం? చీటీలు వాళ్ల దగ్గర ఉన్నాయి, అవి ఈపాటికి ఏ చేనులో తడిశాయో, ఏ పొయ్యి రాజేయడానికి పోయాయో. మళ్లీ పని మానుకొని రమ్మని ఆ జనాన్ని ఏ మొహంతో అడగాలి? సేట్ అయితే గల్లాపెట్టె ముందు కూర్చొని "దేవా, దేవా" అనడమే. అక్కకు ఫోన్ చేశాను. పొద్దున మొదటి బస్సుకే దిగింది.

వస్తూనే నన్ను పక్కకు జరిపి సేట్‌ను పిలిచింది. "సేట్, మాపటీలి ఏది ఒత్తిన్రో జర మల్ల సూపెట్టున్రి. ఒత్తకున్రి, వేలు పెట్టి సూపెట్టున్రి చాలు."

సేట్ వేలు ‘పెంచు’ మీద పెట్టాడు.

"గది ఎందుకు ఒత్తిన్రు?"

"ఎందుకేంది తాయి? దుకాణం పెంచాలె గదా!"

అక్కకు మొదట అర్థం కాలేదు. నేను ‘వాఢవా’ సంగతి చెప్పాను. అంతే, ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ పట్టుకొని, కళ్లనిండా నీళ్లు వచ్చేదాకా నవ్వింది. సేట్‌కు ఏమీ తెలియక ఆయనా నవ్వసాగాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. పెన్ డ్రైవ్ అక్కడే ఉంది గనక, ఆయన ప్రతి సాయంత్రం ‘పెంచు’ ఒత్తినప్పుడల్లా మళ్లీ ఒక కొత్త ఫైలు పుట్టి, అక్క వచ్చిన నాటి పాత పేర్లే అందులోకి వచ్చి పడ్డాయి. ఆనాడు ఎక్కించిన బోథ్ పేర్లు గాయబ్.

"నవ్వుడేందక్కా, ఊరోళ్ల కండ్లు వోయినయిక్కడ!" అని అరిచాను.

"పోలే తమ్మీ, జర ఆగు. పరేషాన్ గాకు," అంది కళ్లు తుడుచుకుంటూ. "పెంచు ఒత్తితే ముందుగాల పైలం నడుస్తది. నడిచినంకనే పెంచుతది. నన్ను నేనే నమ్మ, గందుకే గట్ల రాసిన. ఏ రోజు పేర్లు ఆ రోజు నకలుల ఉండాలె."

ఉండాలె అని చెప్పిందే గాని, ఆ నకళ్లు దాచిన చోటు తెరిచేముందు ఆమె కూనిరాగం ఆగిపోయింది. కళ్లు మూసుకుంది, మామూలుకంటే ఎక్కువసేపే. సేట్ చేతులు జోడించాడు. నేను ఏ దేవుణ్ని పట్టుకోవాలో తెలియక ఇద్దరినీ తలుచుకున్నాను.

ఉన్నాయి. రోజుకొక నకలు, ఒక్కోదాంట్లో ఆ రోజు పేర్లు. మధ్యాహ్నం దాకా కూర్చొని అన్నింటినీ ఒక్క ఫైలులోకి చేర్చింది. ‘అయిపాయె’ అని తెర మీద పడగానే నేను ఎగిరి గంతేయబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కంప్యూటర్ అయిపాయె అంటది. దానికేమెరుక? మనిషిని అడగాలె."

ఇది ఆమె అలవాటు. నకలు తీసిన ప్రతిసారీ అందులోంచి ఏదో ఒక పేరు తీసి, ఆ మనిషికే ఫోన్ చేసి సరిచూసేది. ఆ రోజు తేలిన పేరు బోథ్ దగ్గరి పల్లెలో ఒక అవ్వది. పత్తి ఏరడానికీ, సూదిలో దారం ఎక్కించడానికీ చూపు ఆనడం లేదని శిబిరానికి వచ్చిన మనిషి. అవ్వ చీటీ బియ్యం డబ్బాలో పైలంగానే ఉందట. మనవరాలితో చదివించింది. కుడిది రెండున్నర, ఎడమది మూడు. తెర మీద కూడా అవే. అప్పుడు నవ్వింది అక్క, ఈసారి మెల్లగా, ఊపిరి వదిలినట్టు.

సేట్ తల దించుకొని నిలబడ్డాడు. "మీ తప్పు గాదు సేట్. నా మాటకు మీ ఊళ్లె ఇంకో అర్థమున్నది. నేను అడగాలె గదా," అని అక్కడే కూర్చొని బటన్ల పేర్లు మార్చింది. ‘దుకాణం పెంచు’ ఒత్తితే నకలు తీసి కంప్యూటర్ ఆగిపోతుంది. గడులు చేర్చే దానికి ‘కొత్త అంగి’ అని పేరు పెట్టి, మన వేలు పొరపాటున కూడా పోకుండా మూలకు నెట్టింది. ఆ తర్వాత ఏ ఊరికి పోయినా, దుకాణం మూసేటప్పుడు మీరేమంటరు అని అడగడం ఆమెకు పిచ్చిలా పట్టుకుంది. కరీంనగర్ బట్టల దుకాణంలో ‘బంజెయ్’. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పనివాళ్లే గిరాకీ గనక ‘షిఫ్టు దిగు’. వచ్చినప్పుడల్లా కొత్త మాట ఒకటి తెచ్చి, పిల్లలకు బొంగుపేలాలు తెచ్చినంత సంబరంగా మాకు చెప్పేది.

తప్పిపోయి దొరికిన బిడ్డ మీద ప్రేమ ఎక్కువ ఉంటుంది కదా, ఆమెకు ఆ బోథ్ అవ్వ అట్లా అయింది. ఆరు నెలలకోసారి వచ్చి నకలు సరిచూసినప్పుడు మిగతా పేర్లు మారేవి గాని అవ్వకు ఫోన్ మాత్రం తప్పేది కాదు. నంబరు చదివి వినిపించి, "అద్దాలు మంచిగ కనవడుతున్నయా అవ్వా?" అని అడిగేది. ఒకసారి అవ్వ చెప్పిన జవాబు మా ముగ్గురికీ వినిపించింది.

"మంచిగనే ఉన్నయి బిడ్డా. గని గవి వెట్టుకుంటే కోడలు ఊడ్సిన ఇల్లు గూడ కనవడుతున్నది. తీసేస్తేనే ఇంట్ల నిమ్మలం."

నిరుడు ఆమె రావాల్సిన నెలలో రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ల చెల్లెలు ఎత్తింది. కొద్ది రోజుల జ్వరం, దవాఖాన, అంతలోనే అయిపోయిందట. ఆ మాట విని నేను ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. ఆ సాయంత్రం ‘దుకాణం పెంచు’ ఒత్తితే ఎప్పటిలాగే ‘పైలంగ ఇంటికి వో’ అని వచ్చింది. గిరాకీ ముందే ఏడ్చాను. సేట్ నన్నేమీ అనలేదు. గణపతి పటం ముందు రెండో దీపం ఒకటి పెట్టి, "ఆమె దేవునికి" అన్నాడు.

ఈ కథంతా చెబుతుంటే కొత్త కంప్యూటర్ అతను పని చేస్తూనే విన్నాడు. బటన్ల పేర్లు అవే ఉంచుతానని తనంతట తానే అన్నాడు. పాత డబ్బా రెండుసార్లు ఆగిపోయింది, రెండుసార్లూ మా గుండె ఆగింది. పేర్లు ఇందులోకి రాకపోతే ఇక కుట్టి అతికించడానికి అక్క లేదు. చివరికి అతను కుర్చీ వెనక్కి జరిపి చెప్పాడు.

"అయిపోయిందన్నా. అన్ని పేర్లు వచ్చినయి."

"వచ్చినయని ఎవలు చెప్పిన్రు?" అన్నాడు సేట్ నాకంటే ముందే.

అతను తెర చూపించాడు. సేట్ నా వైపు చూశాడు. నేను అవ్వ పేరు తీసి ఫోన్ చేశాను.

"అవ్వా, భైంసా చష్మాల దుకాణంల కెళ్లి మాట్లాడుతున్న."

"పైలమక్క ఏది? ఆమెనే గదా చేసేది," అంది అవ్వ. "ఏడాది సంది ఫోనే లేదు. ముసల్ది సచ్చిందనుకున్నరా ఏంది?"

చెప్పాను. "అక్క పోయిందవ్వా. నిరుడు."

అటు నుంచి కోడిపిల్లల చప్పుడు, ఎవరో బిందె దించిన చప్పుడు. ఫోన్ పక్కన పెట్టేసిందేమో అనుకున్నాను. ఊరుకోలేక, వచ్చిన పని కానిద్దామని తెర మీది నంబరు చదవబోయాను.

"నువ్వు సదవకు," అంది అవ్వ. "నాకు సదువు రాదు గని ఆమె ఇన్నేండ్లు జెప్పి జెప్పి యాదికున్నది. నేను జెప్త, నువ్వు సూడు. కుడిది రెండున్నర. ఎడమది మూడు. ఉన్నయా?"

కొత్త కంప్యూటర్ అతను తెర మీద వేలు పెట్టి మెల్లగా తలూపాడు.

"ఉన్నయవ్వా," అన్నాను.

"ఆఁ. గట్లయితే మంచిదే. తతిమ్మోళ్లయి గూడ అడుగు మరి," అంది అవ్వ. "పైలం బిడ్డా."

బయట చీకటి పడుతోంది. సేట్ షట్టర్ కర్ర చేతిలోకి తీసుకొని, ఏమనుకున్నాడో, మళ్లీ గోడకు ఆనించి నా పక్కన స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"జర ఆగి పెంచుదం తియ్," అన్నాడు.

నేను ఇంకో పేరు తీశాను.